బాతుల కాపరి దేవుడు

ఇటు తిరిగి పడుకో, చిన్నీ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. మధ్యలో లేచి ఆకలంటే మాత్రం కథ ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

అనగనగా కొల్లేటి నీళ్ళ నడుమ ఒక లంక ఊరు. పేరు చిగురులంక. ఎటు చూసినా నీళ్ళే, నీళ్ళ నిండా కిక్కిస గడ్డే. ఆ ఊరివాళ్ళకి పడవలున్నాయి, వలలున్నాయి, బాతులున్నాయి. గొర్రెలు మాత్రం లేవు. గొర్రె మేయాలంటే పొడినేల ఉండాలి కదా!

ఆ ఊళ్ళో చిన్న ప్రార్థన మందిరం ఉండేది. పాస్టరుగారు ఎప్పుడో పడవ కుదిరినప్పుడు వచ్చేవారు. మిగతా ఆదివారాలు సంఘపెద్ద ఇశ్రాయేలు తాతే ఆరాధన నడిపించేవాడు. అక్కడొక అలవాటు. పాటలయ్యాక ఒకరి తర్వాత ఒకరు లేచి, ఎవరికి తోచిన మాటలతో వాళ్ళు పైకి ప్రార్థన చేసేవారు. పిల్లలకి కునికిపాట్లు వచ్చేదాకా సాగేది ఆ ప్రార్థన.

ఆ ఊళ్ళోనే దానమ్మ అని ఒకావిడ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఆవిడకున్నదల్లా బాతుల మంద. పొద్దున్నే కర్ర పట్టుకుని వాటి వెనకాల బయల్దేరేది. దారి పొడుగునా దేవుడితోనే కబుర్లు. "చూశావా ప్రభువా, ఈ నల్లదానికి ఎంత పొగరో!" అనేది. మాట్లాడ్డానికి ఆవిడకి ఇంకెవరున్నారు, పాపం.

ఒక ఆదివారం దానమ్మ లేచి, "దేవా, నువ్వు మా బాతుల కాపరివి. మేం ఎటు పడితే అటు ఈదుకుపోతుంటే విసుక్కోకుండా వెనకాలే వస్తావు" అని ప్రార్థన చేసింది.

ఇశ్రాయేలు తాతకి ఒళ్ళు మండింది. "గొర్రెల కాపరి అనమ్మా! బైబిల్లో ఉన్నవి గొర్రెలు. బురదలో పొర్లే బాతులు కాదు" అన్నాడు.

"గొర్రె ఎలా ఉంటుందో నాకు తెలీదు పెదనాన్నా" అంది దానమ్మ.

"నేను చూశాను, ఏలూరు సంతలో" అన్నాడు తాత, ఆ గొర్రెని తనే పుట్టించినంత గొప్పగా.

ఆ తర్వాతి ఆదివారం చేపలు పట్టే పేతురు లేచాడు. "దేవా, నువ్వు మా తాటి దోనెవి. ఎంత గాలొచ్చినా మమ్మల్ని మునగనివ్వవు" అన్నాడు. తాత అతన్నీ కూర్చోబెట్టేశాడు. ఆ పై ఆదివారం ముసలి కరుణమ్మ లేచింది. కొల్లేటి నీళ్ళు ఉప్పబారే ఎండాకాలం, ఆ లంకలో తాగేనీళ్ళ కోసం ఎంత దూరం పోవాలో ఆవిడ నడుముకి తెలుసు. "దేవా, నువ్వు మా మంచినీళ్ళ కడవవి" అంది. అప్పుడు తాత లేచి నిలబడి, "రాజు, తండ్రి, గొర్రెల కాపరి. ఈ మూడు పేర్లతోనే పిలవండి. కుండలూ చట్టీలూ దేవుడి దగ్గరికి తేకండి" అని గట్టిగా చెప్పేశాడు.

తాత చెడ్డవాడు కాదమ్మా. దేవుడంటే ఆయనకి బోలెడు భయం. ఏదైనా చిన్నమాట పడితే దేవుడి మర్యాద తగ్గిపోతుందేమోనని ఆయన దిగులు. దేవుడి మర్యాదకి ఈయన కాపలా అన్నమాట! నాకైతే నవ్వొస్తుంది.

ఆ తర్వాత ఏమైందంటే, మందిరంలో ఎవరూ నోరు విప్పడం మానేశారు. తాత ఒక్కడే ప్రార్థన చేస్తాడు, మిగతావాళ్ళు ఆమెన్ అంటారు, ఇళ్ళకి పోతారు. అందరికన్నా దానమ్మకే ఎక్కువ దెబ్బ తగిలింది. బాతుల వెనకాల నడుస్తూ ఎప్పట్లా మాట్లాడబోయేది. 'ఇది సరైన మాటేనా? వింటే దేవుడికి కోపమొస్తుందేమో' అనుకుని ఆగిపోయేది. అలా ఆగి ఆగి, మొత్తానికి దేవుడితో మాటలే పోయాయి. అంత నీళ్ళ మధ్యన, అంత ఎండలో, ఆవిడ ఒంటరిదైపోయింది.

ఇశ్రాయేలు తాతకి ఒక మనవరాలు. పేరు హెప్సీబా. నీ అంత ఉంటుంది, నీలాగే చెప్పిన మాట వినదు. ఒకరోజు సాయంత్రం కలువపూలు కోసుకుందామని దోనె ఎక్కి ఒక్కత్తే పోయింది. అప్పుడు గాలి లేచింది. దోనెని ఎటు తోసుకుపోయిందో ఎవరికీ తెలీదు.

ఊరు ఊరంతా పడవలేసుకుని వెతకడానికి బయల్దేరింది. తాతకి మోకాళ్ళు పట్టేసి పడవెక్కలేకపోయాడు. ఒడ్డునే కూలబడి ప్రార్థన మొదలుపెట్టాడు.

"రాజా" అన్నాడు. రాజు ఎక్కడో కోటలో ఉన్నట్టనిపించింది. "తండ్రీ" అన్నాడు. రోజూ అనే మాటే, ఆ రోజు ఏడుపొచ్చి సగంలో ఆగిపోయింది. "గొర్రెల కాపరీ" అన్నాడు. సంతలో చూసిన గొర్రె కళ్ళముందుకొచ్చింది. దాని మెడకి తాడుంది, పక్కన కాపరి లేడు. తాతకి ఇంకా భయం పట్టుకుంది.

అప్పుడు తల ఎత్తి చూశాడు. ఎదురుగా నీళ్ళలో దానమ్మ. మందని గట్టెక్కించేసింది, ఒక్క బాతు మాత్రం రాలేదు. మొలలోతు నీళ్ళలో గడ్డిని పాయలుగా విడదీసుకుంటూ, దాన్ని పిలుచుకుంటూ వెనక్కి పోతోంది. చీర తడిసి ముద్దయినా, గాలి కొడుతున్నా ఆగట్లేదు.

తాత చేతులు జోడించి బావురుమన్నాడు. "దేవా, అదిగో, ఆ దానమ్మలా వెతుకు! గడ్డీ గాదం తీసి నా పిల్లని వెతుకు! దాని తలకాయ తిక్కది, అదిలించైనా ఇంటికి తోలుకురా!"

దానమ్మకి ఆ మాటలు వినబడ్డాయి. వెనక్కి తిరిగి చూసింది. "వెతుకుతూనే ఉంటాడు పెదనాన్నా, ఏడవకు. నేనూ ఇటు చూస్తాను" అని ఇంకా లోపలికి నడిచింది.

పొద్దు గుంకే వేళకి పేతురు కేకేశాడు. గడ్డిలో ఇరుక్కున్న దోనె కనబడింది. అందులో హెప్సీబా ఒళ్ళో పూలు పెట్టుకుని కూర్చుంది. ఒడ్డుకి తేగానే తాత మెడ పట్టుకుని, "ఇంతసేపా రావడం? నాకు ఆకలేస్తోంది" అని ఎదురు దెబ్బలాడింది. తాత దాన్ని తిట్టలేదు, కొట్టలేదు. గుండెకి హత్తుకుని అలాగే ఉండిపోయాడు.

తాత ఒడ్డున ఏమని ప్రార్థించాడో విన్నది దానమ్మ ఒక్కతే. కావాలనుకుంటే ఊరంతా చెప్పి నవ్వించి ఉండేది. ఎవరితోనూ అనలేదు. మంచి మనిషి.

ఆదివారం వచ్చింది. తాత లేచి, "దేవా, నువ్వు బాతుల కాపరివి" అన్నాడు.

పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. "ఆ మాట నాది కాదు, దానమ్మది" అన్నాడు తాత. "ఆమె నోట్లోంచి లాక్కున్నాను. ఈ వారమంతా బైబిలు మళ్ళీ చదివాను. భక్తులు దేవుణ్ణి బండ అన్నారు, వెలుగు అన్నారు. పిల్లల్ని రెక్కల కిందికి చేర్చుకునే కోడిలాంటివాణ్ణని, బిడ్డని ఓదార్చే తల్లిలాంటివాణ్ణని దేవుడే చెప్పుకున్నాడు. అంతమంది అన్ని రకాలుగా పిలిస్తే, నేను మూడే ఏరుకుని మీ అందరి నోళ్ళూ మూయించాను. దానమ్మా, నువ్వు ప్రార్థన చెయ్యమ్మా."

దానమ్మ లేచింది. చాన్నాళ్ళైంది కదా, మాటలు వెతుక్కుంది. కొంగు నలుపుకుంటూ నిలబడింది. అందరూ ఓపిగ్గా ఎదురుచూశారు. అప్పుడు ఆవిడ కళ్ళు ఇశ్రాయేలు తాత మీద పడ్డాయి. మనవరాలు ఆయన ఒళ్ళో నిద్రపోతోంది.

"దేవా" అంది దానమ్మ. "నువ్వు ఒడ్డున కూర్చున్న తాతవి. మాలో ఒక్కరు తప్పిపోతే, ఇంటికొచ్చేదాకా ఏడుస్తూ కూర్చుంటావు."

ఇశ్రాయేలు తాత అందరికంటే ముందు ఆమెన్ అన్నాడు.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్దరేమో నీ కంటి దారి పట్టింది.
దీపమేమో చిన్నదయ్యింది,
దుప్పటేమో వెచ్చనయ్యింది.