మద్దవ్వ మూడు తడిగుడ్డలు

నేను ఇంతకు ముందు ఏదీ రాయలేదు. అయిదో తరగతితో నా బడి ఆగిపోయింది. ఈ కథ మా జేజి, మా నాయన తల్లి, చెప్పేది. నలుగురిలో చెప్పమంటే నాకు నోరు రాదు, అందుకే కాగితం మీద పెడుతున్నా. తప్పులుంటే సర్దుకోండి.

అనగనగా, మా కొండ ఇప్పటికంటే మూడింతలు ఎత్తున్న కాలం. కొండ కింద రాళ్లు కొట్టేవాళ్ల ఊరు. ఆ ఊళ్లో బట్టలుతికే ముసలామె ఒకతె. పేరు మద్దిలేటమ్మ. అందరూ మద్దవ్వ అనేవాళ్లు. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి, రాళ్లు కొట్టేవాళ్ల బట్టలు గాడిద మీద వేసుకుని వంకకు పోయేది. గట్టున నిలబడి ఒక్కొక్కటే దులిపేది. తెల్లగా దుమ్ము లేచేది. దులిపేది, దగ్గేది, ఉతికేది.

ఆ ఊళ్లో ఒక జబ్బుండేది. మొదట మిట్ట ఎక్కితే ఆయాసం. తర్వాత మాట్లాడితే ఆయాసం. ఆ తర్వాత ఊరికే కూచున్నా ఆయాసం. చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ ఆ జబ్బు లేదు. దాని పేరు ఎవరికీ తెలియదు.

ఓబులేసు అని ఒకడు. వాళ్ల పెద్దన్న ఆ జబ్బుతోనే పోయినాడు. నడిపన్న పోయినాడు. ఇప్పుడు ఓబులేసుకు దగ్గు మొదలైంది. ఇంట్లో పెండ్లాం ఎల్లక్క, ఇంకా నడక రాని ఆడబిడ్డ.

నాటువైద్యుడు వచ్చినాడు. నాడి చూసి, కఫమని లేహ్యం ఇచ్చినాడు. తగ్గలేదు. మద్దవ్వ ఏమీ అనలేదు. దులిపింది, దగ్గింది, ఉతికింది.

సోదెమ్మ వచ్చింది. కొండతల్లికి కోపమొచ్చిందని కోడిని కోయించింది. తగ్గలేదు. మద్దవ్వ ఏమీ అనలేదు. దులిపింది, దగ్గింది, ఉతికింది.

పట్నం వైద్యుడు వచ్చినాడు. గుర్రం దిగకుండానే చూసి, "క్షయ. అంటుకుంటుంది" అని చెప్పి పోయినాడు.

ఊరిపెద్ద గిడ్డయ్య అందర్నీ పిలిచినాడు. "అమాసకు ఓబులేసు వంక అవతలి గుడిసెకు పోవాల. పెండ్లాం బిడ్డా వెంట పోకూడదు. కూడు గట్టు మీద పెడతాం" అన్నాడు.

ఆ గుడిసెకు పోయినవాడు తిరిగి రావడం ఊళ్లో ఎవరూ చూడలేదు. ఎల్లక్క బిడ్డను ఎత్తుకుని నేలమీద కూలబడింది. అప్పుడు మద్దవ్వ లేచింది.

"గిడ్డయ్యా, ఒక మాట."

"నీకూ మాటలొచ్చునా మద్దవ్వా? ఇన్నేండ్లూ నీకంటే నీ గాడిదే నయం, అదన్నా అరుస్తాది అనుకుంటి."

అందరూ నవ్వినారు. మద్దవ్వ నవ్వు అయిపోయేదాకా ఆగింది.

"అంటుకునే జబ్బయితే ముందు ఎల్లక్కకు రావాల గదా. ఒకే మంచం, ఒకే కంచం. ఎల్లక్కకు దగ్గేదీ?"

"నీకుంది గదా! వాని బట్టలు ముట్టి అంటించుకుంటివి. నువ్వూ పో గుడిసెకు, వానికి తోడుంటావు."

మద్దవ్వ ఆ మాట దగ్గర ఆగిపోయింది. రాయి కొట్టేవాళ్లకు దగ్గు. రాయి కొట్టని తనకూ దగ్గు. రెండు చోట్లా ఉన్నదేమిటి?

"అమాస ఇంకా మూడు దినాలుంది. ఆ మూడు దినాలియ్యి. నా మాట తప్పయితే నేనే ముందు పోతా" అంది.

మూడు తెల్లగుడ్డలు శుభ్రంగా ఉతికింది. తడితోనే ఒకటి బావి దగ్గర కట్టింది. ఒకటి ఓబులేసు మంచం పక్కన, వాడు దగ్గేచోట కట్టింది. ఒకటి కొండ మీద, రాళ్లు కొట్టేచోట కట్టింది. ఆరినప్పుడల్లా పోయి నీళ్లు చల్లింది.

మూడోనాడు అందరి ముందరా మూడు ముంతలు పెట్టి, గుడ్డల్ని జాడించి పిండింది. బావి గుడ్డ నీళ్లు తేటగా ఉన్నాయి. ఓబులేసు మంచం గుడ్డ నీళ్లూ తేటగానే ఉన్నాయి. కొండ గుడ్డ నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. కాసేపు తేరనిచ్చి, పైనీళ్లు వంపి, అడుగున మిగిలిన బురదను గిడ్డయ్య అరచేతిలో పెట్టింది.

"రుద్ది చూడప్పా."

గిడ్డయ్య రుద్దినాడు. గరగరమంది. "రాయి" అన్నాడు.

"గుడ్డ మూడు దినాలు పీల్చింది ఇది. మీరు కొట్టి పీలుస్తారు, నేను దులిపి పీలుస్తా. ఎల్లక్క పీల్చలేదు, ఆమెకు లేదు."

"అయితే మందేమి?"

"లోపలికి పోయినదాన్ని ఉతకడం నాకు చేతగాదు. ఇక పోనియ్యకండి. రాయిని తడిపి కొట్టండి."

గిడ్డయ్య చెయ్యి దులుపుకున్నాడు. "రాయి మీద నీళ్లు పోసేది చచ్చినోళ్ల కర్మల్లో. పనిలో పోస్తే చావును పిలిచినట్టే."

"పిలవకుండానే వాని అన్నల్ని ఇద్దర్నీ తోలుకపోయింది గదా, గిడ్డయ్యా."

 మద్దవ్వ గాడిద మీద నీళ్లు వేసుకుని తానే కొండెక్కింది. మూడుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. రాయి మీద చెంబు నీళ్లు పోసింది. గిడ్డయ్య సమ్మెట ఎత్తి కొట్టినాడు. రాయి పగిలింది. దుమ్ము లేవలేదు.

ఓబులేసు గుడిసెకు పోలేదు. పోయిన ఊపిరి తిరిగి రాలేదు గానీ, ఉన్న ఊపిరి మిగిలింది. సమ్మెట వదిలి, మద్దవ్వ గాడిదతో కొండకు నీళ్లు తోలినాడు. బిడ్డ నడక చూసినాడు, బిడ్డ పెండ్లి చూసినాడు. మద్దవ్వ మాత్రం మూడో ఎండాకాలం దాటలేదు. ఆమెను పూడ్చినచోట గుర్తుకు రాయి నాటలేదు. రాయి వద్దని ఆమే చెప్పిందంట.

ఇప్పటికీ మా పక్క ఆడవాళ్లు పని బట్టలు దులపరు, నీళ్లలో ముంచుతారు. ఎవరైనా దులపబోతే "మద్దవ్వ దగ్గుతాది" అంటారు. కొండ మీద పనివాళ్లు పొద్దున మొదటి రాయి మీద చెంబు నీళ్లు పోసి, "తాగు మద్దవ్వా" అంటారు. ఇప్పుడు రాయి కోసే మిషన్లు వచ్చినాయి. ఆ ఒక్క చెంబూ పోస్తారు. తర్వాత రోజంతా పొడిగానే కోస్తారు.

ఇంతవరకూ రాసిన మర్నాడు పొద్దున, రాళ్ల మిషను పనికి పోయే మా ఆయన చొక్కా కొక్కేనికి ఉంది. ఆయన లోపల దగ్గుతున్నాడు. చొక్కాను బకెట్లో ముంచినా. నీళ్లు తెల్లగా అయినాయి. పారబోయలేదు. చెంబులోకి తీసుకుని, మూత పెట్టి, రాళ్ల మిషను మేస్త్రీ దగ్గరికి నడిచినా.