ఎర్ర కండె ఏది?

అన్యాయం జరిగింది తొమ్మిదో తరగతి చదివే నీలవేణికి, పోయిన శ్రావణంలో, చేసింది కన్నతండ్రే. పోచంపల్లి అవతల ఒక చేనేత పల్లెలో వీరస్వామి అనే నేతగాడు ఉండేవాడు. పనిమంతుడే, కాని ఇంట్లో ఏ తప్పు జరిగినా భార్య అండాలు పుట్టింటి రక్తం మీదికి తోసేవాడు. బిడ్డకు మార్కులు తగ్గితే అండాలు రక్తం, పెరిగితే తన రక్తం. అతని నోరు మగ్గం కంటే ఎక్కువ చప్పుడు చేసేది.

నూలు చుట్టిన కండెలను అండాలు రెండు బుట్టల్లో పెట్టేది. కుడి బుట్టలో ఎర్రవి, ఎడమ బుట్టలో ఆకుపచ్చవి. వీరస్వామి తల ఎత్తకుండా చెయ్యి చాపి అందుకునేవాడు.

శ్రావణంలో తల్లికి జబ్బు చేసిందని అండాలు పుట్టింటికి వెళ్లింది. బుట్టలు నింపే పని నీలవేణి మీద పడింది. ఆ కండెలతో చీర తయారయ్యాక వీరస్వామి దాన్ని గర్వంగా, చీరలు కొనే షావుకారు ముందు పరిచాడు. ఎర్రగా ఉండాల్సిన అంచులో ఎక్కడపడితే అక్కడ పచ్చ. ఇది చీరా, కూరగాయల గంపా అని షావుకారు అడిగాడు. కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు.

వీరస్వామి ఇంటికొచ్చి బిడ్డ చెంప పగలగొట్టాడు. కళ్లు లేనిదానికి చదువెందుకని బడి మాన్పించి, పుస్తకాల సంచిని అటక మీదికి విసిరేశాడు.

అండాలు తిరిగొచ్చిన నాడే సైన్సు టీచరు సుగుణ పిల్లను వెతుక్కుంటూ వచ్చింది. నీలవేణికి ఎరుపు, పచ్చ తేడా తెలియదని బడిలో చేసిన కంటి పరీక్షలో బయటపడిందట. అది పుట్టుకతో వచ్చింది గాని నిర్లక్ష్యం కాదని చెప్పింది.

"నేను చెప్పలే? అంతా దీని పుట్టింటి రక్తమే," అన్నాడు వీరస్వామి.

"రక్తం కాదు," అంది టీచరు. "మన ఒంటి కణాల్లో క్రోమోజోములుంటాయి. వాటిలో ఎక్స్ అనేవి ఆడపిల్లకు రెండు. ఒకటి తల్లిచ్చింది, ఒకటి తండ్రిచ్చింది. రెండింట్లోనూ లోపముంటేనే ఆడపిల్లకు ఈ రంగులు తెలియవు. మగవాడికి ఉండేది ఒక్క ఎక్సే. దాంట్లో లోపముంటే సర్దుకోవడానికి రెండోది లేదు." వీరస్వామి వైపు తిరిగింది. "అంటే, మీరిచ్చిన ఎక్స్‌లోనూ లోపముంది. మీకూ ఈ రంగుల తేడా తెలిసే వీల్లేదు."

వీరస్వామి పగలబడి నవ్వాడు. రంగుల మధ్య పుట్టి పెరిగిన తనకా?

అండాలు రెండు కండెలు తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"ఎర్ర కండె ఏదో చెప్పు."

అతను చూశాడు. వాకిట్లో వెలుతురుకు పట్టి చూశాడు. రెండూ ఒకే మట్టిరంగులో ఉన్నాయి. ఇన్నేళ్లూ తనకు తెలిసింది రంగులు కావు, బుట్టలు.

"పిల్ల కండెలు తప్పు పెట్టింది సరే. చీర నేసింది ఎవరు?" అంది అండాలు. "పెండ్లయిన కొత్తలనే కనిపెట్టిన. నలుగుర్ల నగుబాటయితవని బుట్టలు సర్దుకుంట వచ్చిన. నా బిడ్డను కొడతవనుకుంటే సర్దేదాన్నే కాదు."

వీరస్వామి కండెలు రెండూ కింద పెట్టాడు. నిచ్చెన వేసుకుని అటకెక్కి, సంచి దించి, దుమ్ము దులిపి బిడ్డకిచ్చాడు. అతను ఆ రోజును మరిచిపోకుండా అండాలు మగ్గం మీది గోడ మీద బొగ్గుతో తేదీ రాసింది: ఆగస్టు ఇరవై ఒకటి.

నీతి: బిడ్డలో కనిపించిన లోపానికి భార్యను తిట్టి, బిడ్డను కొట్టేవాడు, ఆ లోపంలో తనిచ్చిన సగం ఎంతో ముందు తెలుసుకోవాలి.