ఉప్పుగౌరి జాడీ

చక్రధర్‌కు గురువుగారి నోట ఒక్క మెచ్చుకోలు మాట కావాలి. మూడేళ్ళుగా అతను పడ్డ కష్టమంతా ఆ ఒక్క మాట కోసమే. అన్నీ వదిలేద్దామని మఠానికి వచ్చినవాడికి ఇదేం ఆశ అనకండి. కాషాయం కట్టినంత మాత్రాన ఆశ ఊరుకుంటుందా?

రేపల్లె దిగువన, సముద్రానికి రెండు కోసుల దూరంలో ఉంది ఆ మఠం. అక్కడ విగ్రహం లేదు, హుండీ లేదు. ఉన్నదల్లా విత్తనాల కొట్టు. వరి, జొన్న, కంది, కాకర, దోస, ఏ పాత రకం అడిగినా అందులో ఉంటుందని చుట్టుపక్కల పేరు. ఉంటుంది గాని దొరకడమే గగనం. సొరబుర్రల్లో కొన్ని, కుండల్లో కొన్ని, అటక మీద మూటల్లో కొన్ని. ఒక రకం కోసం ఇరవై మూతలు తీసి, గింజ కొరికి చూసి, ఇది కాదని మళ్ళీ కట్టేవాళ్ళు. సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుండేది వ్యవహారం.

గురువుగారు మస్తానయ్య స్వామి కొట్టు తాళం చక్రధర్ చేతికిచ్చి, కృష్ణ అవతల ఉన్న ఇంకో మఠానికి వెళ్ళి మూడేళ్ళయింది. చక్రధర్ అంతకుముందు హైదరాబాదులో ఒక పెద్ద గోదాములో పనిచేశాడు. అక్కడ లక్ష వస్తువుల్లోంచి ఒక్క చెప్పుల జతను అర నిమిషంలో తీసి ఇచ్చేవాళ్ళు. ఆ విద్యనే ఇక్కడికి తెచ్చాడు. నాలుగు వేల రకాలనూ గాజు జాడీల్లోకి మార్చాడు. ప్రతి మూతలోనూ గోరంత చిప్పు అతికించి, మూత బిగించి, మైనం పూశాడు.

పూర్వం ఏటా ఏరువాకకు ముందు కొట్టంతా ఖాళీ చేసి గింజలు రైతులకు పంచేవాళ్ళు. పంటయ్యాక కొత్త గింజలు తెచ్చిపోసేవాళ్ళు. అందులో ఒక రకం ఇంకొకదానిలో కలిసిపోయేది, ఒకటి అసలు తిరిగొచ్చేది కాదు. చక్రధర్ ఆ గందరగోళం మానిపించాడు. అడిగినవాళ్ళకు అడిగినప్పుడు ఇద్దామన్నాడు. చాలా రకాలను ఎవరూ అడగలేదు. ఆ జాడీలు పెట్టినచోట పెట్టినట్టే ఉన్నాయి.

ఆ వైశాఖంలో గురువుగారు తిరిగొచ్చారు. కాళ్ళు కడుక్కోగానే చక్రధర్ ఆయన్ను కొట్టులోకి తీసుకుపోయి, ఆ చిప్పుల జాడ పట్టే యంత్రం చేతికిచ్చాడు. పిడి ఉన్న చిన్న పలకలాంటిది అది.

"ఏదైనా రకం పేరు చెప్పండి స్వామీ."

"మొలగొలుకులు" అన్నారాయన.

చక్రధర్ పేరు నొక్కాడు. యంత్రం కుయ్యిమంది. ఎడమ వరసకు తిప్పితే గొంతు పెంచింది, నాలుగో అర దగ్గర గుక్క తిప్పుకోకుండా అరిచింది. చెయ్యి చాపితే జాడీ.

"కృష్ణకాటుకలు?" అన్నారు. దొరికింది. "అక్కుళ్ళు? మా అమ్మ వండేది." అదీ దొరికింది. ఎనభై ఏళ్ళ మనిషి పసిపిల్లాడిలా వరసల మధ్య యంత్రం పట్టుకు తిరిగారు. చివరకు నడిమధ్య ఆగి నాలుగు వేల జాడీలనూ ఒకసారి కలయజూశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నాయి నాయనా. మనిషి ఎంత గొప్పవాడు" అన్నారు.

చక్రధర్ ఒళ్ళు గగుర్పొడిచింది. కాకపోతే ఆ మెచ్చుకోలు మనుషులందరికీ కలిపి పోయింది. తన వాటా ఎంతో తేలలేదు.

మర్నాడు ఆదెమ్మ వచ్చింది. సముద్రపు ఒడ్డు ఊరిది, మూడెకరాల మనిషి. కిందటి కార్తీకంలో ఉప్పెన నీళ్ళు చేలోకొచ్చి, పోతూ పోతూ ఉప్పు వదిలిపోయాయి.

"ఏం చల్లినా మాడిపోతంది సామీ. ఈ ఏడు కూడా పచ్చబడకపోతే రొయ్యల చెరువు తవ్విత్తానంటన్నాడు మా బావగారు. ఓపాలి తవ్వితే ఇంక అది చేనవద్దా? మా అమ్మమ్మ ఉప్పుగౌరి అని ఒక వరి ఏసేదంట. ఉప్పు నేలలోనే పండుద్దంట. మీ కాడ ఉందేమోనని..."

చక్రధర్ అప్పటికే పేరు నొక్కేశాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకునేలోగా పై అరలోంచి జాడీ దించి ముందు పెట్టాడు. లోపల రెండు మానికల గింజలు, ఎర్రగా, సన్నగా. ఆదెమ్మ జాడీని కళ్ళకద్దుకుని ఏడ్చింది. చక్రధర్ గురువుగారి వంక చూశాడు. ఇప్పుడైనా అంటారనుకున్నాడు.

గురువుగారు జాడీలోంచి గుప్పెడు గింజలు తీసి రాత్రంతా నానబోయించారు. పొద్దున్నే భుజం మీది కండువా తడిపి, గింజలను అందులో మూటగట్టి, గడ్డి కప్పి పెట్టారు. మొలకలు రావడానికి రైతులు కట్టే మండె అది.

"ఇదెందుకు స్వామీ? జాడీ దొరికిందిగా" అన్నాడు చక్రధర్.

"జాడీ దొరికింది" అన్నారు గురువుగారు.

రెండు రోజులకు మూట విప్పితే పులిసిన వాసన వేసింది. ఒక్క గింజ కూడా పగల్లేదు. మూడోనాడూ అంతే. గింజ కోసం అన్నాళ్ళూ మఠం అరుగు మీదే ఉండిపోయిన ఆదెమ్మకు చక్రధర్ కంటే ముందే అర్థమైంది.

"మూత తియ్యక ఎన్నాళ్ళయింది బాబూ?"

"మూడేళ్ళు."

ఆమె తిట్టలేదు. "గింజని మూడేళ్ళు కూకోబెడతారా ఎవరన్నా" అంది మెల్లగా. ఆ మెల్లదనానికే చక్రధర్ తలెత్తలేకపోయాడు.

జాడీ మొత్తం ఒంపేశాడు. ఉన్న గింజలన్నీ నానబోసి, తడి గోనె మీద పరిచి, గడ్డి కప్పి, పక్కనే కూర్చున్నాడు. పూటపూటకూ నీళ్ళు చిలకరించాడు. అన్నానికి పిలిస్తే లేవలేదు. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక యంత్రం తెచ్చి ఉప్పుగౌరి అని నొక్కాడు. అది ఖాళీ జాడీ దగ్గరకు దారి చూపించి ఎప్పటిలాగే హుషారుగా కూసింది. చక్రధర్‌కు ఏడుపొచ్చింది.

ఆరోనాటి పొద్దున గడ్డి తొలగించి గింజ గింజా చూస్తున్నాడు. వేలల్లో ఉన్నాయి, అన్నీ చచ్చిన రంగులో. గోనె అంచున ఒకచోట సూదిమొనంత తెలుపు కనిపించింది. నిజమో కాదోనని ఊపిరి బిగబట్టి వంగాడు. నిజమే. వెతగ్గా వెతగ్గా ఇంకొకటి, ఆ పైన ఇంకొకటి. పొద్దెక్కేసరికి ఏడు తేలాయి.

అందులో ఒకటి తలకిందులుగా పడి ఉంది. మిగతా గింజల బరువు కింద, గడ్డి చీకట్లో, దాని మొలక మొదట కిందికే వచ్చింది. కొంతదూరం వచ్చాక ఆగి, గింజను చుట్టి వంపు తిరిగి పైకి లేచింది. వేరు మాత్రం ఆ పక్కనుంచి దిగి గోనె పోగుల్లోకి దూరింది. చక్రధర్ దాన్ని ముట్టుకోవడానికి వేలు చాపి, భయమేసి వెనక్కి తీసుకున్నాడు. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

ఎప్పుడొచ్చారో, గురువుగారు పక్కన నిలబడి ఉన్నారు. ఊళ్ళో ఎవరికీ వంగని మనిషి, కండువా నడుముకు చుట్టుకుని, నేల మీద మోకరిల్లి ఆ ఏడు మొలకలకు నమస్కారం పెట్టారు.

ఆదెమ్మ మోదుగాకు దొప్పలో తడిమట్టి తెచ్చింది. ఒక్కొక్క మొలకనూ వేరు తెగకుండా ఎత్తి అందులో నిలబెట్టింది.

"ఏడే వచ్చాయమ్మా" అన్నాడు చక్రధర్. "మూడెకరాలకు ఇవేం సరిపోతాయి? తప్పు నాది."

ఆదెమ్మ దొప్పను రెండు చేతులతో గుండెకు దగ్గరగా పట్టుకుంది.

"ఈ ఏడు కూలికి పోతాం బాబూ, అదేం కొత్తా? ఏడు మొక్కలు బతికున్న చేలో చెరువు తవ్వనిత్తానా నేను" అంది. చెప్పులు వదిలేసి వట్టికాళ్ళతోనే గట్టు వెంట బయల్దేరింది, దొప్పలోని మట్టి కదలకుండా.

ఆమె మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

"స్వామీ" అన్నాడు చక్రధర్. "ఆ గింజ తలకిందులుగా ఉంది. చీకట్లో ఉంది. పైన ఎటో దానికెట్లా దొరికింది?"

గురువుగారు తల అడ్డంగా ఊపారు.

"తెలీదు నాయనా. ఏటా చూస్తాను. ఏటా తెలీదు."

చక్రధర్ కొట్టులోకి వెళ్ళి, మొదటి వరసలో మొదటి జాడీ దించి, మూత మీది మైనం గోటితో గీకడం మొదలుపెట్టాడు.