తొమ్మిది లోపల పెళ్ళికొడుకు

కొత్తపెంటలో మాకంటే తెలివైన ఇల్లు ఇంకోటి లేదని గవరయ్య రోజుకి మూడుసార్లు అనేవాడు. మూడుసార్లూ భార్య పైడమ్మ "అవునవును" అనేది. తమ్ముడు లచ్చునాయుడు తల ఊపేవాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురే. ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంక కాదనేవాడెవడు?

వాళ్ళ గర్వమంతా సంతలో కొన్న ఒక బొమ్మల అట్ట. అందులో ఒక పిల్లీ, ఒక పెట్టే. పిల్లి పెట్టెలో ఉంటే ఇన్, పెట్టె మీద ఉంటే ఆన్, కింద ఉంటే అండర్, పక్కన ఉంటే బై. అంతే, ఇంగ్లీషు వచ్చేసింది! ముగ్గురికి నాలుగు మాటలు. తలకొకటి పోగా ఒకటి మిగులు కూడానూ.

లచ్చునాయుడికి ముప్పై నాలుగేళ్ళు. తప్పిపోయిన సంబంధాలు పదిహేడు. అంటే రెండేళ్ళ వయసుకి ఒకటి చొప్పున. పద్దెనిమిదోది దమయంతి, టౌన్లో ఇంగ్లీషు టీచరు. "వాళ్ళింట్లో అందరూ ఇంగ్లీషే" అని మధ్యవర్తి కోసిన కోతలు నమ్మి, ఆవిడ ఇంగ్లీషులోనే ఉత్తరం రాసింది. "కమ్ బై ట్రైన్. ఐ విల్ బి అండర్ ద క్లాక్. బి ఆన్ టైమ్."

"వదినా, ఇదీ తప్పిపోతే నాకిక పెళ్ళి లేదు" అన్నాడు లచ్చునాయుడు.

"ఎందుకు తప్పుతుంది మరిదీ? అట్ట ఉంది కదా. బై ట్రైన్ అంది. బై అంటే?"

"పక్కన!"

ఇంకేముంది, ముగ్గురూ రైలు పక్కన నిలబడ్డారు. రైలు కదిలింది. పక్కనే పరిగెత్తారు. రైలు వెళ్ళిపోయింది.

"ఆగండ్రా, ఇంకోటి వస్తుంది" అన్నాడు గవరయ్య.

అలా పన్నెండు మైళ్ళు, నాలుగు రైళ్ళ పక్కన నడిచారు. టిక్కెట్లు మాత్రం కొన్నారు, మర్యాదస్తులు.

టౌను స్టేషన్లో ప్లాట్‌ఫాం మధ్య పెద్ద గడియారం వేలాడుతోంది. దాని కింద గళ్ళ చీర కట్టుకుని దమయంతి నిలబడి ఉంది.

"అన్నయ్యా, ఆవిడ టైముకి కింద ఉంది. నన్ను టైము మీద ఉండమంది."

అంతే, పోర్టరు దగ్గరున్న నిచ్చెన ఎక్కి లచ్చునాయుడు గడియారం మీద కూర్చున్నాడు. గడియారం కిర్రుమంది. దమయంతి తలెత్తి చూసింది.

"నమస్కారమండీ. నేనే పెళ్ళికొడుకుని."

"అక్కడెందుకున్నారండీ?"

"మీరే రాశారు కదండీ. ఆన్ టైమ్!"

దమయంతి ముందు పెదవి కొరుక్కుంది. తరవాత కడుపు పట్టుకుని బెంచీ మీద కూలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "పదేళ్ళుగా పాఠం చెప్తున్నాను. నా మాట ఒక్కటీ పొల్లు పోనివ్వకుండా చేసినవాణ్ణి ఇవాళే చూశాను. నాకు ఇష్టమే. దిగండి, పడతారు."

దిగాక మెల్లగా చెప్పింది: "ఇక ఇంగ్లీషు వద్దు, తెలుగే. ముహూర్తం తొమ్మిదింపావుకి. మా నాన్నకి ముహూర్తాల పిచ్చి. దాటిందంటే పెళ్ళే లేదంటాడు. మీరు మాత్రం తొమ్మిది లోపల ఉండాలి. గుర్తుంటుందా?"

"తొమ్మిది లోపల. ప్రాణం పోయినా ఉంటాను" అన్నాడు లచ్చునాయుడు.

పెళ్ళిరోజు అందరికంటే ముందే వచ్చారు, ఏడింటికే. వచ్చీ రాగానే పైడమ్మ పందిరి బయట ముగ్గుపిండితో పెద్ద తొమ్మిది అంకె వేసింది. దాని గుండ్రంలో బంధువులతో కలిపి పద్నాలుగు మంది ఇరుక్కున్నారు. గవరయ్య ఒంటికాలి మీద.

తొమ్మిదయింది. తొమ్మిదీ పది నిమిషాలయింది.

"అల్లుడూ, పీటల మీదికి రావయ్యా!" పెళ్ళికూతురి తండ్రి గంగునాయుడు గావుకేక పెట్టాడు.

"రాకూడదు మావయ్యా. ఆవిడకి మాటిచ్చాను. తొమ్మిది లోపలే ఉంటాను."

"ఇవతలికి లాగండ్రా వాణ్ణి!"

"కాలు గీత దాటనీకు మరిదీ! పట్టుకో!" అంది పైడమ్మ. ఒకరినొకరు పట్టుకున్నారు. పద్నాలుగు మంది ఒకే ముద్ద.

ఆ గొడవలో తొమ్మిదింపావు కాస్తా దాటిపోయింది. గంగునాయుడు తలపాగా నేలకేసి కొట్టాడు. లచ్చునాయుడి ముఖం పాలిపోయింది.

పంతులుగారు గబగబా పంచాంగం తిప్పారు. "ఆగండి, ఆగండి! ఇంకోటుంది. ఇదే ఆఖరు. పది లోపల కట్టెయ్యాలి తాళి!"

"పది లోపలా!" పైడమ్మ చీపురు లాక్కుని తొమ్మిది చెరిపేసింది. పక్కనే పది వేసింది. "ఒకట్లో చోటు లేదు, అందరూ సున్నాలోకి పదండి!"

ఇంకేముంది, పద్నాలుగు మందీ సున్నాలోకి దూకారు. ఇదీ పోతుందేమోనన్న కంగారులో గంగునాయుడు పంచె ఎగ్గట్టి దూకాడు. తాళితో పంతులుగారూ దూకారు.

పందిట్లో మిగిలింది పెళ్ళికూతురొక్కతే. సున్నా మధ్యనుంచి ఊపిరాడని గొంతొకటి వినిపించింది.

"దమయంతిగారూ, త్వరగా రండి! మీకు జానెడు చోటు ఆపి ఉంచాను!"