చేవగుట్ట చెన్నరాయుడు దీపం మానిన కథ

చేవగుట్ట ఎక్కే భక్తులకు మొదటి మెట్టు దగ్గరే మనవి. అగ్గిపెట్టె, కర్పూరం, అగరుబత్తులు కిందనే వదిలిపెట్టండి. పైన శ్రీ చెన్నరాయస్వామివారి ఆలయమంతా టేకు చెక్క. నలభై స్తంభాలు, కప్పు, తలుపులు అన్నీ చెక్కే. లోపల దీపం ఉండదు, కరెంటు తీగ కూడా గడప దాటలేదు. ఒక్క బత్తియే కదా అని అర్చకులతో వాదించకండి. ఈ గుడి మూడుసార్లు కాలింది, మూడుసార్లూ ఒక్క వత్తితోనే.

పూర్వం ఇక్కడ స్వామివారి ముందు అఖండదీపం వెలిగేది. దాన్ని ఆరనివ్వకపోవడమే ఊరివారికి గొప్ప. వత్తి జారి గుడి కాలితే మళ్ళీ కట్టుకున్నారు, అదే చోట ఇంకా పెద్ద దీపం పెట్టుకున్నారు. మన పెద్దలే అయినా, బుద్ధి రాలేదని చెప్పక తప్పదు. మూడోసారి మంటల్లోంచి చెక్కుడు తలుపులు బయటికి తెద్దామని వెళ్ళిన పెద్దోజు తిరిగి రాలేదు. అతడు వడ్రంగి కేతోజుకు ఒక్కగానొక్క కొడుకు. రాతి విగ్రహం మాత్రం మసిబారి మిగిలింది.

ఏడాది తిరిగాక పెద్దలు కేతోజు ఇంటికి వెళ్ళి నాలుగో గుడి కట్టమన్నారు. పాత కొలతలు తెలిసినవాడు అతనొక్కడే. అప్పటికే చూపు మందగించింది, ఇదే తన చివరి గుడి అని అతనికి తెలుసు. కడతాను గాని గడప లోపలికి నిప్పు రాకూడదన్నాడు. పని అయ్యాక చూసుకోవచ్చులే అనుకుని పెద్దలు తల ఊపారు. ఆరేళ్ళు పట్టింది.

ప్రతిష్ఠ మూడు రోజులుందనగా అర్చకులు తిరువెంగళాచార్యులు పాత దీపపు కుందిని తోమించి కొండమీదికి తెప్పించారు. దీపం లేని దేవుణ్ణి ఎక్కడైనా విన్నావా అని కేతోజుకు నచ్చజెప్పారు. కేతోజు చెక్క చెక్కే బాడిస పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. కుంది లోపలికి వస్తే స్తంభాలన్నీ తన చేత్తోనే నరికేస్తానని, నిప్పుకు మాత్రం ఇవ్వనని చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషి.

మర్నాడు మధ్యాహ్నం, పెద్దోజు భార్య సూరమ్మ మామగారికి తెచ్చిన పెరుగన్నం తిని, కేతోజు అక్కడే ఒరిగి కునుకు తీశాడు. కలలో చెన్నరాయస్వామి వచ్చి, నన్ను చీకట్లో కూర్చోబెడతావా కేతోజూ అని అడిగారు. మరొకరైతే కాళ్ళమీద పడేవారు. కేతోజు కలలోనే లేచి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"మూడుసార్లు బోలెడంత వెలుతురులో కూర్చున్నావు గదయ్యా. అంతా చూశావు. నా కొడుకునూ చూశావు. ఇంకేం చూడాలి నీకు?"

కేతోజు వెక్కి వెక్కి ఏడ్చాడు, కాని పక్కకు జరగలేదు.

మెలకువ వచ్చేసరికి, సూరమ్మ కడిగి వాకిట ఆనించిన ఇత్తడి పళ్ళెం మీద ఎండ పడుతోంది. ఆ వెలుగు తిన్నగా గర్భగుడిలోకి వెళ్ళి స్వామివారి ముఖాన నిలిచింది. ఆచార్యులు కూడా చూశారు. తర్వాత కుందిని తన భుజానే ఎత్తుకుని కొండ దిగారు. "ఆయనే మానేశాడు. ఇక మనదేముంది?" అన్నారట.

నేటికీ ఇక్కడ హారతి మధ్యాహ్నం రెండింటికి, ఎండతోనే. సూరమ్మ ఇంటి ఆడపడుచు పళ్ళెం తోమి ఇస్తుంది, అర్చకులు వాకిట నిలబడి దాన్ని ఎండకు పడతారు. పోయినేడు ఒక పెద్దమనిషి వెండి దీపంతో, పరివారంతో వచ్చి చాలా హడావుడి చేశారు. ఆ దీపం కింద సత్రంలో వెలుగుతోంది, చూసి రావచ్చు.

ఈ హారతి కళ్ళకద్దుకున్నవారి ఇంట అగ్నిభయం ఉండదని నమ్మకం. అయినా పొయ్యి ఆర్పి మరీ పడుకోండి.

మబ్బు పట్టిన రోజున హారతి లేదు. చీకట్లో దేవుణ్ణి ఎలా చూడమంటారని అడిగేవారు ఏటా ఉంటారు. గడప దగ్గర కాసేపు ఆగండి, కళ్ళు అలవాటు పడతాయి. ముందు కేతోజు స్తంభాలు కనిపిస్తాయి, ఆ తర్వాతే స్వామివారు. ఆ వరుసకు ఆయన ఒప్పుకునే అక్కడ కూర్చున్నారు.