చేదు చూసిన దోసకాయ

అనగనగా, చెరుకుగడలు ఏనుగు వీపును దాటి పెరిగే రోజుల్లో, ఇక్షుపురి అని ఒక రాజ్యం ఉండేది. ఆ ఊళ్ళో తెల్లవారితే బెల్లం కాగే వాసన, పొద్దుగూకితే బెల్లం కాగే వాసన. అక్కడి వాళ్ళు పప్పులో బెల్లం వేసేవారు, పులుసులో బెల్లం వేసేవారు, చివరికి మజ్జిగలో కూడా చిటికెడు వేసి కలిపేవారు.

ఆ రాజ్యాన్ని మధుసేనుడనే రాజు ఏలేవాడు. మంచివాడు. పెద్ద పొట్ట, అంతకన్న పెద్ద మనసు.

ఆయన కొలువులో ఒక వింత ఆచారం ఉండేది. ఎవరు ఏ పని మీద వచ్చినా, తమ గోడు చెప్పుకునే ముందు రాజుగారి నోట్లో ఒక పటికబెల్లం పలుకు పెట్టాలి. ఎందుకంటే, రాజుగారి తాత ఒట్టి కోపిష్ఠి. నోరు తీపిగా ఉంటే మాట తీపిగా ఉంటుందని ఆనాటి మంత్రులు కనిపెట్టిన ఉపాయం అది. తాత పోయాడు, ఆయన కోపమూ పోయింది, పలుకు మాత్రం మిగిలింది. రోజుకు వందమంది వస్తే వంద పలుకులు. చీమలు ఎక్కకుండా సింహాసనం నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ పళ్ళేలు పెట్టేవారు. నవ్వకండి పిల్లలూ, మీ వంటింట్లో చక్కెర డబ్బా ఎక్కడుందో ఒకసారి చూసి వచ్చి అప్పుడు నవ్వండి.

అంత తీపి మధ్య ఉన్నా రాజుకు ఒక కొరత ఉండేది. అది తల్లి కొరత.

ఆయన తల్లి పోలమాంబ రాజుల ఇంట పుట్టిన పిల్ల కాదు. ఊరి పక్కన పారే చింతలేటి ఇసుక తిన్నెల మీద దోసపాదులు పెట్టుకుని బతికేవాళ్ళ ఆడపడుచు. రాణి అయ్యాక కూడా ఎండలు ముదిరితే చాలు, వంటవాళ్ళను పక్కకు తప్పుకోమని, నడవలో కత్తిపీట వేసుకు కూర్చుని, కొడుక్కి తన చేత్తో దోసకాయ వడపప్పు కలిపి పెట్టేది. మధుసేనుడికి ఏడేళ్ళప్పుడు ఆమె జ్వరంతో పోయింది.

ముప్పై ఏళ్ళు గడిచాయి. వడగాలి మొదలైన ప్రతిసారీ రాజుకు ఆ నడవ గుర్తొచ్చేది. కత్తిపీట చప్పుడు గుర్తొచ్చేది. గాజుల చప్పుడు గుర్తొచ్చేది. కాని ఆ వడపప్పు రుచి గుర్తొచ్చేది కాదు. అంతకన్న ఘోరం, అమ్మ మొహం గుర్తొచ్చేది కాదు. కళ్ళు మూసుకుంటే గాజుల చెయ్యి వరకూ కనిపించి అక్కడితో ఆగిపోయేది. ఆ రుచి దొరికితే మొహం కూడా దొరుకుతుందని ఆయన ఆశ.

ఒక చైత్రమాసంలో ఆ బెంగ ఇంక పట్టలేక, రాజు తన వంటవాళ్ళు ముగ్గురినీ పిలిచాడు. "మా అమ్మ చేసిన వడపప్పు నాకు కావాలి" అన్నాడు.

మొదటివాడు దోసకాయ ముక్కల మీద బెల్లప్పాకం పోసి తెచ్చాడు. రెండోవాడు తేనె కలిపి తెచ్చాడు. మూడోవాడు కొబ్బరికోరులో చక్కెర దట్టించి, పైన పటికబెల్లం పొడి చల్లి మరీ తెచ్చాడు. రాజుగారి నోటికి తీపి లేనిది ఎక్కదని ముగ్గురికీ గట్టి నమ్మకం.

రాజు మూడూ తిన్నాడు. మూడు గిన్నెలూ ఖాళీ చేశాడు. "బాగుంది, కాని ఇది కాదు" అని మూడుసార్లూ కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు మంత్రి సోమనార్యుడు ఏటి ఒడ్డుకు మనిషిని పంపి, ఇసుక తిన్నెల మీద ఇంకా దోసపాదులు పెడుతున్న నూకాలవ్వను పిలిపించాడు. నూకాలవ్వ పోలమాంబ ఈడుదే, ఆమెతో కలిసి ఏట్లో ఆడుకున్నదే. ఒక తట్ట నెత్తిన పెట్టుకుని, ఎండలో నడుచుకుంటూ వచ్చింది.

"పెసలు రాత్రే నానేశాను దొరా, మొలక కూడా ముక్కు బయట పెట్టింది" అంటూ నడవలోనే కూలబడింది. దోసకాయ తీసి, తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి నాలుకకు ఆనించి చూసింది. చేదు లేదు. తరవాత కాయంతా సన్నగా తరిగింది. మొలకెత్తిన పెసలు, ఉడికించిన శనగలు, లేత ముంజలు, పుల్ల మామిడి తురుము, పచ్చికొబ్బరి, అల్లం, దంచిన మిరియాలు, గుప్పెడు కొత్తిమీర. పైన ఉప్పు రాల్చి, నిమ్మకాయ పిండి, చేత్తో అడుగునుంచి పైకి కలిపింది. తీపి మాత్రం వెయ్యలేదు.

రాజు ఆత్రంగా ఒక ముద్ద తిన్నాడు. నమిలాడు. ఇంకో ముద్ద తిన్నాడు. ఆయన మొహం వాడిపోయింది.

"అవ్వా, ఇది నీళ్ళలా ఉంది. దీనికి రుచే లేదు" అన్నాడు.

నూకాలవ్వ తానొక ముద్ద నోట్లో వేసుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాయనా, ఈ కాయ ఏ పాదుదో తెలుసా? పెళ్ళై కోటకు వచ్చే ముందురోజు మీ అమ్మ తన చేత్తో పాతిన పాదుది. దాని గింజలే బూడిదలో ఆరబెట్టి, సొరబుర్రలో దాచి, ఏడాదికేడాది పెడుతున్నాను. ఇది అచ్చంగా ఆ రుచే. కాయ మారలేదు నాయనా, నీ నాలుక మారింది."

అమ్మ గుమ్మం దాకా వస్తే తలుపు తియ్యలేకపోయినట్టు రాజుకు గుండె బరువెక్కింది.

"ఏం చెయ్యమంటావు?" అని అడిగాడు.

"తీపి తగ్గించుకో. నేను పున్నమి పున్నమికీ వస్తాను. కాని ఒక్క మాట. తొలకరికి ఏటికి కొత్తనీరు వస్తే తిన్నెలు మునుగుతాయి, పాదులు పోతాయి. ఆపైన వచ్చే వేసవి దాకా కాయ ఉండదు. నాకా, వయసైపోయింది. వచ్చే వేసవికి నేనుంటానో ఉండనో."

మర్నాడు కొలువులో రాజు పటికబెల్లం పలుకు వద్దన్నాడు. సోమనార్యుడు కంగారు పడ్డాడు.

"ప్రభూ, తీపి లేని నోటితో తీర్పు చెబితే తమ తాతగారి కాలం మళ్ళీ వస్తుందేమో."

నిజంగానే మొదటి వారం వచ్చినంత పని అయింది. రాజుకు తలనొప్పి, చిరాకు. ఒక కుమ్మరి తన మట్టి దిబ్బ తగువు చెబుతుంటే అరవబోయి, పళ్ళు బిగపట్టి ఆగాడు. ఆ ఆగిన కాసేపట్లో కుమ్మరి మాట పూర్తిగా వినపడింది. తప్పు కుమ్మరిది కాదని తెలిసింది. ఇన్నాళ్ళూ తన కోపాన్ని ఆపింది తీపి కాదని, పలుకు కరిగేదాకా నోరు మూసుకోవడమేనని రాజుకు అప్పుడు అర్థమైంది.

వైశాఖ పున్నమికి నూకాలవ్వ తట్టతో నేరుగా కొలువుకే వచ్చింది. మళ్ళీ అదే వరస, మళ్ళీ అదే వడపప్పు. రాజు తిన్నాడు.

"అవ్వా, ఉప్పు తెలుస్తోంది. మిరియం తెలుస్తోంది. మామిడి పులుపు దవడలోకి దిగింది. కాని అమ్మ మాత్రం రాలేదు."

నూకాలవ్వ ఆయన వైపు పరీక్షగా చూసింది. సింహాసనం కింది నీళ్ళ పళ్ళెం దాటలేక, గోడ మీదనుంచి చుట్టుతిరిగి, పట్టుపంచె అంచు పట్టుకుని ఒక చీమ రాజుగారి మొలలోకి పోతోంది.

"నాయనా, మనుషులు ఎన్నైనా చెబుతారు గాని, చీమ అబద్ధమాడదు" అంది అవ్వ.

రాజు తల వంచుకుని మొలలో దాచిన బెల్లం ముక్క తీసి నేల మీద పెట్టాడు.

"మానలేకపోతున్నాను అవ్వా. మానితే ఏడుపొస్తోంది. అమ్మ పోయిన రోజు నేను అమ్మా అని ఏడిస్తే ఒకరు వచ్చి నోట్లో పలుకు పెట్టారు. మళ్ళీ ఏడిస్తే ఇంకొకరు వచ్చి ఇంకో పలుకు పెట్టారు. మూడోసారికి ఏడవడమే మానేశాను. అప్పటినుంచీ అమ్మ గుర్తొస్తే చెయ్యి బెల్లం మీదికే పోతోంది."

అవ్వ తన ముడతల చెయ్యి ఆయన తల మీద పెట్టింది. ఆమెకు ఎదురుగా రాజు కనపడలేదు, ఏడేళ్ళ పసివాడు కనపడ్డాడు.

"వాళ్ళు మంచికే పెట్టారులే నాయనా. కాని ఆ ఏడుపు ఎక్కడికీ పోలేదు, ముప్పై ఏళ్ళుగా అక్కడే కూర్చుంది. రానీ."

ఆ నెల రాజు ఏడ్చాడు. కొలువులో కాదు, నడవలో, అమ్మ పీట వేసుకునే చోట కూర్చుని ఏడ్చాడు. వంటవాళ్ళు ముగ్గురూ చూసి బెల్లప్పాకం గరిటెలు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. రాజు వాళ్ళను చెయ్యెత్తి ఆపాడు. కొన్నాళ్ళకు బెల్లం మీద యావ తగ్గింది. బువ్వలో బువ్వ రుచి, పాలలో పాల రుచి తెలియసాగాయి. కోటలో చీమలు విసుగుపుట్టి మరో ఇల్లు వెతుక్కున్నాయి.

ఇంకో పున్నమికి నాలుగు రోజులుందనగా పడమటి కొండల మీద కుండపోతగా వాన పడింది. చింతలేటికి కొత్తనీరు ఎర్రగా, నురగలు కట్టుకుని వచ్చింది. తెల్లవారేసరికి తిన్నెలు లేవు, పాదులు లేవు.

మధుసేనుడు మేడ మీదినుంచి ఆ ఏటిని చూసి కుంగిపోయాడు. "నాలుక వచ్చింది, కాయ పోయింది" అనుకున్నాడు. ఇంక అమ్మ మొహం చూడకుండానే తన బతుకు తెల్లారిపోతుందని దిగులుపడ్డాడు.

అయినా ఏరువాక పున్నమినాడు నూకాలవ్వ వచ్చింది. తట్టలో ఒకే ఒక్క కాయ ఉంది. బాగా ముదిరి, పసుపుపచ్చగా, బరువుగా.

"గింజకు విడిచిన కాయ. నీళ్ళు రాకముందే ఇంటికి తెచ్చుకున్నాను. గింజలు నాకు, కండ నీకు" అంది.

సింహాసనం కింది నీళ్ళ పళ్ళేలు ఇప్పుడు ఊరికే ఉన్నాయి గదా. వాటిలో ఒకటి అవ్వ నడవలోకి తెప్పించి, తోమించి, మంచినీళ్ళు పోయించి కాయ కడిగింది. తొడిమ దగ్గర చిన్న ముక్క కోసింది. తన నోటిదాకా తీసుకెళ్ళి ఆగింది.

"నా నాలుక ముసలిదైపోయింది. ముదురు కాయ, ఎలా ఉంటుందో ఏమో. చేదు నువ్వే చూడు నాయనా."

రాజు ఆ ముక్క కొరికాడు. వేపాకు కన్న చేదు. కుడికన్ను దానంతటదే మూసుకుపోయింది, ముక్కు ముడతలు పడింది, కింది పెదవి ఒక పక్కకు జారింది. ఆ విదిలింపులో తల వంగి, ఆయన చూపు ఎదురుగా ఉన్న నీళ్ళ పళ్ళెంలో పడింది.

నీళ్ళలో అమ్మ ఉంది.

అదే మూసుకున్న కుడికన్ను. అదే ముడతలు పడ్డ ముక్కు. అదే జారిన పెదవి. కొడుక్కి ముక్క పెట్టే ముందు తొడిమ కొరికి, ఇలాగే మొహం పెట్టి, వెంటనే నవ్వేసి, "చేదు నాకు, చలవ నీకు" అనేది అమ్మ. ఆ మాట కూడా గుర్తొచ్చింది. గాజుల చేతి దగ్గర ఆగిపోయిన జ్ఞాపకం భుజం దాకా, మెడ దాకా, మొహం దాకా వచ్చింది.

"అచ్చం మా పోలమాంబే" అంది నూకాలవ్వ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

చేదంతా తొడిమ దగ్గరే ఉంది. ఆ భాగం తీసేసి మిగతా కాయ అవ్వ తరిగి కలిపింది. రాజు ఒక ముద్ద తిని, అవ్వ వైపు అనుమానంగా చూశాడు.

"ఇందులో తీపి వేశావా?"

"లేదు నాయనా. దోసకాయలో కాస్త తీపి ఎప్పుడూ ఉంటుంది. అది గట్టిగా పిలవదు, అంతే."

రాజు గిన్నె అడుగు దాకా తిన్నాడు. తింటూ ఏడ్చాడు, ఏడుస్తూ నవ్వాడు. ఎవరూ ఆయన నోట్లో ఏమీ పెట్టలేదు.

ఆనాటినుంచి ఇక్షుపురి కొలువులో పటికబెల్లం పలుకు పోయి, దాని బదులు ఒక గుక్క మంచినీళ్ళు వచ్చాయి. ఆ గుక్క మింగేదాకా రాజు నోరు మూసుకుని వినేవాడు. పండగనాడు మాత్రం ఒక్క అరిసె తినేవాడు, అరిసె ఇంత బాగుంటుందని నాకు ఎవరూ చెప్పలేదేమని ఆశ్చర్యపోయేవాడు. నూకాలవ్వ ఆ గింజలను బూడిదలో ఆరబెట్టి ఊరందరికీ పంచింది. అందులో మొదటి గింజ తిన్నె మీద పాతింది రాజే. మరుసటి వేసవికి కాయ కాసింది. అవ్వ కూడా ఉంది లెండి, పిల్లలూ, దిగులుపడకండి. తొడిమ రాజు కొరికాడు, ముక్కలు అవ్వ తింది.

ఈ కథ కంచి దారి పట్టింది గాని, పోతూ పోతూ ఒక్క మాట దారిలో దించిపోయింది: తీపితో దుఃఖాన్ని మూస్తే దుఃఖం పోదు, రుచే పోతుంది, నాలుకను అదుపులో పెట్టుకున్నవాడికే పదార్థంలోని రుచీ, దాన్ని కలిపి పెట్టిన చేతిలోని ప్రేమా దక్కుతాయి.