సువర్చల చూడని బురద

ఒక రాజ్యానికి పొడవైన సముద్రతీరం ఉండేది. ఆ సముద్రంలో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. రాజుగారు తన ఏనుగుల లెక్క, మామిడితోటల లెక్క తడుముకోకుండా చెప్పగలరు. వాకిట్లో ఉన్న సముద్రం గురించి అతిథులు అడిగితే "నీళ్ళు" అని ఊరుకోవాల్సి వచ్చేది. అది ఆయనకు నామోషీగా ఉండేది.

అందుకని సువర్చల అనే పండితురాలిని పిలిపించి, సముద్రంలో ఉన్నదంతా రాసి తెమ్మన్నారు. ఆవిడకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. మూడేళ్ళు చాలునంది. పడవ నడపడానికి ఎర్రయ్య అనే బెస్తవాడు కుదిరాడు.

మొదటి ఏడు తాడుకి సీసపుగుండు కట్టి లోతు కొలిచింది. రెండో ఏడు ఏ లోతున నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చూసింది. మూడో ఏడు ఒక్క నీటిచుక్కని భూతద్దం కింద పెట్టి, పొద్దున కూర్చున్న మనిషి మధ్యాహ్నం దాకా లేవలేదు. రాజధానిలో ఉన్న జనం కంటే ఎక్కువమంది ఆ చుక్కలో ఉన్నారు. అంతా తీరిక లేకుండా తిరుగుతున్నారు. మూడేళ్ళ మాట ఆవిడ ఆ పూటే మరిచిపోయింది.

ఏటా ఒక గ్రంథం రాసి సభకు పట్టుకెళ్ళేది. సముద్రం అయిపోయిందా అని రాజుగారు అడిగేవారు. ఇంకా కొంచెం మిగిలిందని ఆవిడ చెప్పేది. గ్రంథాన్ని పట్టుగుడ్డలో చుట్టి భద్రంగా దాచేవారు. విప్పినవాళ్ళు లేరు.

పన్నెండో ఏడు మంత్రికి ఒక ఆలోచన వచ్చింది. ఏరు సముద్రంలో కలిసేచోట మడ అడవి ఉంది. దోమలు, కంపు, మోకాలిలోతు బురద. దాన్ని కొట్టించి గులాబీతోట వేయిస్తే రాజుగారు సాయంత్రాలు షికారు చేయొచ్చు. ఆ అడవి వల్ల ఉపయోగం ఏమైనా ఉందా అని సువర్చలను అడిగించారు. ఆవిడ అప్పుడు నడిసముద్రంలో మెరిసే పురుగుల్ని చూసి వచ్చి, ఆ సంతోషంలో ఉంది. బురదలోకి ఏనాడూ దిగలేదు. అయినా కలం తీసి, మడ అడవిలో చూడదగ్గది ఏమీ లేదని ఒక్క వాక్యం రాసి పంపింది.

ఆ వాక్యాన్ని మాత్రం అందరూ చదివారు. నెల తిరక్కుండా అడవి నేలకూలింది. గులాబీలు నాటారు. అవి ఉప్పునీళ్ళు తాగి వారంలో తలలు వాల్చేశాయి. షికారు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

రెండేళ్ళకు వలల్లో రొయ్య పడటం మానేసింది. బెస్తపేటలో పొయ్యిలు ఆరిపోతుంటే, కొన్ని కుటుంబాలు మూటలు కట్టుకుని ఊరు విడిచాయి. ఎర్రయ్య కూతురూ అల్లుడూ వాళ్ళలో ఉన్నారు. ఆ తర్వాత ఎర్రయ్య పడవలో మాట్లాడటం తగ్గించాడు.

సువర్చల ఏడాదిపాటు సముద్రమంతా గాలించింది. రొయ్య గుడ్లు దొరికాయి. కంటికి ఆనని పిల్లలు దొరికాయి. ముసలి రొయ్యలు నాలుగైదు దొరికాయి. వేలెడంత రొయ్య ఒక్కటీ లేదు. బడికెళ్ళే ఈడు పిల్లలు లేని ఊరిలా ఉంది సముద్రం. చివరికి ఆవిడ ఎర్రయ్యనే అడిగింది.

"ఆ ఈడువి మడలో ఉండేవి కదమ్మా," అన్నాడు ఎర్రయ్య. "మా ఆడోళ్ళు బురదలో దిగి బుట్టలతో పట్టీవోరు."

అన్నేళ్ళూ పక్కనే ఉండి ఎందుకు చెప్పలేదని ఆవిడ అడిగింది.

"మీరు సముద్రం గురించి అడిగీవోరు. బురద గురించి అడగనేదు."

మర్నాడు సువర్చల సభకు వెళ్ళి, రొయ్యల్ని పోగొట్టింది తానేనని చెప్పింది. రాజుగారు మంచి మనసున్నవారు. ఆ వాక్యం ఉన్న కాగితం చించేద్దాం, ఎవరికీ తెలియదన్నారు.

"ఉండనివ్వండి ప్రభూ," అంది సువర్చల. "నేను రాసినవాటిలో జనం చదివింది అదొక్కటే."

బదులుగా ఆ బురద తనకిమ్మని అడిగింది. అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు గనక ఇచ్చేశారు.

ఏటి అవతల కాస్త మడ మిగిలి ఉంది. మునగకాడల్లా వేలాడే దాని విత్తుల్ని ఆవిడా ఎర్రయ్యా పడవలో తెచ్చి బురదలో గుచ్చారు. మొదటి ఏడు అలలు సగం లాక్కుపోయాయి. మళ్ళీ గుచ్చారు. బెస్తపేట ఆడవాళ్ళు వచ్చి, ఎక్కడ గుచ్చితే నిలుస్తాయో చూపించారు. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎగదోపి వాళ్ళు చెప్పినచోటల్లా దిగింది. ఆ ఏడు గ్రంథం రాయలేదు.

తొమ్మిదేళ్ళకు మొక్కలు మనిషెత్తు అయ్యాయి. వలల్లో రొయ్య మళ్ళీ కనబడింది. ఎర్రయ్య కూతురు చంకలో బిడ్డతో తిరిగొచ్చింది.

ఆ వింత చూడాలని రాజుగారు బయల్దేరారు. మంత్రి వద్దన్నా వినకుండా బురదలో అడుగుపెట్టి, మోకాలిదాకా దిగబడ్డారు. నలుగురు పట్టి లాగితే కాలు వచ్చింది గానీ బంగారుజరీ చెప్పు రాలేదు. మంత్రి దాన్ని తవ్వించబోతే, రాజుగారు తర్వాత చూద్దామని వెళ్ళిపోయారు. పక్షం రోజులు పోయాక చెప్పు వెదికి పంపమని కబురు పెట్టారు.

సువర్చల వెళ్ళి చూసి, అక్కడే చీటీ రాసి భటుడికిచ్చింది.

"చెప్పు కనబడింది ప్రభూ. అందులో ఒక పీత కాపురం పెట్టింది. ఖాళీ చెయ్యమనాలంటే మీరే రావాలి."

రాజుగారు చీటీ రెండుసార్లు చదివారు. తర్వాత ఆ జతలో మిగిలిన రెండో చెప్పు తెప్పించి భటుడి చేతికిచ్చి, దీన్ని పక్కనే పెట్టి రమ్మన్నారు.